ఎగువ నగరం, దిగువ సముద్రం

హైదరాబాద్‌కు సముద్రం లేదు. మచిలీపట్నం రేవు చేరాలన్నా 300 కిలోమీటర్లకు పైగా పోవాలి. అయినా బంగాళాఖాతంలో రేపు అల ఎంత ఎత్తున లేస్తుందో, ఎటు వల వేస్తే చేప పడే అవకాశం ఉందో, సుమత్రా దగ్గర నేల కంపిస్తే సునామీ ఏ తీరాన్ని ఎంతసేపట్లో తాకుతుందో లెక్కకట్టి చెప్పే సంస్థ ఈ నగరంలోనే ఉంది. హైటెక్ సిటీ నుంచి జేఎన్‌టీయూ దాటి నిజాంపేట వైపు వెళ్తే ప్రగతినగర్‌లో వస్తుంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అనేది దాని పూర్తి పేరు, ఇన్‌కాయిస్ అన్నది వాడుక పేరు. 1999లో మొదలైంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దేశపు సునామీ హెచ్చరిక కేంద్రాన్ని ఇక్కడే నెలకొల్పారు. 2007 అక్టోబరు నుంచి అది రాత్రింబగళ్లు పనిచేస్తోంది.

సముద్రాన్ని ఇంత శ్రద్ధగా కనిపెట్టి ఉండే నగరమే, రోజూ సముద్రం వైపు చెత్తను కూడా పంపుతోంది.

ఇప్పుడు ఐటీ కారిడార్ అంటున్న మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతమంతా సముద్రమట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తున్న రాతినేల. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి చుట్టూ గుట్టలు, బండరాళ్లు, వాటి మధ్య చెరువులు. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన దుర్గం చెరువు వాటిలో ఒకటి. వాన పడితే నేల తాగినంత తాగేది. మిగిలింది ఒక చెరువు నిండి, అలుగు పారి, కింది చెరువులోకి దిగేది. ఆ మట్టి ఇప్పుడు కాంక్రీటు కింద ఉంది. గంటసేపు గట్టి వాన కురిస్తే నీళ్లకు ఇంకే చోటు లేదు. రోడ్డు మీద ఉన్నదంతా ఊడ్చుకుని వరద కాలువలో పడతాయి. దుర్గం చెరువు వైపు పడ్డవి చెరువుల గొలుసు మీదుగా మూసీ వైపు, కూకట్‌పల్లి వైపు పడ్డవి కూకట్‌పల్లి నాలాలోంచి హుస్సేన్‌సాగర్‌కు, అక్కడి నుంచి మళ్లీ మూసీకే చేరతాయి. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి, దివిసీమను రెండు పాయలతో చుట్టి, హంసలదీవి దగ్గరా నాగాయలంక దిగువనా సముద్రంలో కలుస్తుంది. మైండ్‌స్పేస్ కూడలిలో ఎవరో పారేసిన కవరుకు సముద్రం దాకా దారి ఉంది.

దారి ఉన్నంత మాత్రాన ప్రతి కవరూ అక్కడికి చేరదు. ఏది చేరుతుంది, ఏది మధ్యలో ఆగిపోతుందన్నది తెలుసుకోకుండా ప్లాస్టిక్ గురించి మాట్లాడితే బాధపడటం తప్ప జరిగేదేమీ ఉండదు.

మొదటి జల్లెడ పాత సామాన్ల కొట్టు. నీళ్ల సీసాకు అక్కడ ధర ఉంది, పాల కవరుకు ఉంది, గట్టి డబ్బాకు ఉంది. కాబట్టి తెల్లవారకముందే సంచి భుజాన వేసుకుని తిరిగే మనిషి వాటిని వదిలిపెట్టడు. షాంపూ ప్యాకెట్టుకూ, చిప్స్ కవరుకూ ధర లేదు. రెండు మూడు రకాల ప్లాస్టిక్కులను, అల్యూమినియం పొరను కలిపి అతికించిన ఆ పలచని రేకును విడదీయడం గిట్టుబాటు కాదు. హాస్టళ్ల వీధుల్లో ప్రతి మలుపులో ఉండే కర్రీ పాయింటులో సాంబారు పోసి దారంతో ముడివేసి ఇచ్చే పలచని కవరుకూ ధర లేదు. కూర అంటిన కవరును ఎవరు కడిగి కొంటారు? కిలో అవడానికి కొన్ని వందల కవర్లు కావాలి. కాలువలో తేలేది చాలావరకు ఈ ధర లేని సరుకే. నగరంలో చెత్తను నిజంగా వేరుచేస్తున్నది చట్టం కన్నా ఎక్కువగా ఆ సంచి మనిషి. అతనికి జీతం లేదు, చేతికి తొడుగు లేదు, నగరం అతని పనిని లెక్కలో వేసుకోదు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

రెండో జల్లెడ నీరు. ఉప్పునీటి సాంద్రత సుమారు 1.025. పాలిథీన్, పాలీప్రొపిలీన్ అంతకన్నా తేలిక కాబట్టి తేలతాయి. సీసాలు చేసే పెట్ సాంద్రత 1.38. మూత బిగించిన సీసా లోపలి గాలి వల్ల తేలుతుంది. మూత ఊడితే నీళ్లు నిండి మునుగుతుంది. మూత మాత్రం పాలిథీన్‌దో పాలీప్రొపిలీన్‌దో కాబట్టి తన దారిన తాను పోతుంది. సీసా మూసీ అడుగు బురదలో మిగిలిపోయినా దాని మూత బీచిలో దొరకవచ్చు.

మూడో జల్లెడ దారిలోని అడ్డుకట్టలు. నగరం దాటాక మూసీ మీద కత్వలు, అంటే చిన్న ఆనకట్టలు, వరసగా ఉన్నాయి. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు, కృష్ణ మీద పులిచింతల, ఆపైన ప్రకాశం బ్యారేజీ ఉన్నాయి. నీరు నిలిచిన ప్రతిచోటా కొంత ప్లాస్టిక్ పొదలకు చిక్కుకుంటుంది, కొంత గుర్రపుడెక్కలో ఇరుక్కుంటుంది, కొంత అడుక్కు దిగుతుంది. 2021లో నదుల ప్లాస్టిక్ మీద ప్రపంచవ్యాప్తంగా లెక్క వేసిన శాస్త్రవేత్తలు నదులన్నీ కలిసి ఏడాదికి 8 లక్షల నుంచి 27 లక్షల టన్నులు సముద్రంలో పోస్తున్నాయని అంచనా వేశారు. పది పెద్ద నదులదే తప్పంతా అని అంతకుముందు గట్టిగా వినిపించిన మాటను ఆ లెక్క పూర్వపక్షం చేసింది. నదుల నుంచి వచ్చే ప్లాస్టిక్‌లో 80 శాతానికి వెయ్యికి పైగా నదులు కారణమని తేలింది. వాటిలో చాలా భాగం తీరానికి దగ్గరగా ఉన్న నగరాల మధ్య నుంచి పారే చిన్న నదులే. ఆ లెక్కన హైదరాబాద్ కవరు కన్నా విశాఖ గెడ్డలో పడ్డ కవరుకు సముద్రం చేరే అవకాశం చాలా ఎక్కువ.

దీన్ని బట్టి హైదరాబాద్ నిశ్చింతగా ఉండవచ్చా అంటే, రెండు కారణాల వల్ల కుదరదు. ఒకటి వరద. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న సూక్ష్మ ప్లాస్టిక్‌లో సుమారు 70 శాతాన్ని ఒక్క శీతాకాలపు వరదలు కడిగేశాయని 2018లో తేలింది. నది ఏడాది పొడవునా దాచిపెట్టినదాన్ని కొన్ని రోజుల్లో వదిలేస్తుందన్నమాట. 2020 అక్టోబరులో మూసీ ఎలా పొంగిందో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. రెండోది ఐటీ కారిడార్‌కు మరీ సొంతమైన సరుకు, టైరు పొడి. టైరులో ఉండేది సహజ రబ్బరు ఒక్కటే కాదు, పెట్రోలియం నుంచి చేసిన కృత్రిమ రబ్బరు కూడా. బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా అది అరిగి రోడ్డు మీద పడుతుంది. చిన్న ముక్కలుగానే విడుదలై సముద్రం చేరే ప్లాస్టిక్‌లో పావు వంతుకు పైగా టైర్ల అరుగుదలేనని, మూడో వంతుకు పైగా సింథటిక్ బట్టల ఉతుకులో ఊడే పోగులేనని 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా. సాయంత్రం బయోడైవర్సిటీ కూడలిలో బారులు తీరే కార్లను, వేల హాస్టల్ గదుల వాషింగ్ మెషీన్లను తలచుకోండి. ఈ పొడిని ఏరే సంచి మనిషి లేడు, ఏ కత్వా దీన్ని పూర్తిగా ఆపలేదు.

ఇక నది సముద్రంలో కలిశాక ఏమవుతుందో చూద్దాం. పసిఫిక్‌లో తేలే పెద్ద చెత్తకుప్ప గురించి చాలామంది వినే ఉంటారు. అక్కడ ప్రవాహాలు ఏళ్ల తరబడి ఒకే దిశలో సుడి తిరుగుతూ తేలేదాన్ని మధ్యకు చేరుస్తాయి. 2018 అంచనా ప్రకారం అక్కడున్నది సుమారు 79 వేల టన్నులు, అందులో 46 శాతం చేపల వలలు. బంగాళాఖాతంలో అలాంటి స్థిరమైన కుప్ప ఏర్పడదు. ఉత్తరాన భూమి అడ్డం. పైగా రుతుపవనాలతో పాటు ప్రవాహాలు కూడా దిశ మార్చుకుంటాయి. మన తీరం వెంట నీరు ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. తేలే చెత్త కొన్నాళ్లు ఇటూ అటూ తిరిగి చివరికి ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకుపోతుంది. మడ అడవుల్లో, పగడపు దిబ్బల మీద, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో చేరుతుంది. కృష్ణ వరద సెప్టెంబరు, అక్టోబరుల్లో తెచ్చింది దక్షిణ ప్రవాహంలో పడితే తమిళనాడు వైపు, శ్రీలంక వైపు కదిలే అవకాశం ఎక్కువ. ఇతరుల చెత్త మన దగ్గరికీ వస్తుంది. మనుషులు పెద్దగా లేని గ్రేట్ నికోబార్ బీచుల్లో పరిశోధకులు సీసాల మీద లేబుళ్లు చదివితే మలేషియా, ఇండోనేషియా, థాయిలాండ్ పేర్లు బయటపడ్డాయి. వాటి మధ్య మన దేశపు సీసాలూ ఉన్నాయి.

ఏ దేశమూ తన తీరాన్ని తానొక్కటే శుభ్రంగా ఉంచుకోలేదన్న మాటకు అసలు అర్థం ఇదే. మన నాలా ఎవరికో ఎగువ, మన బీచి ఇంకెవరికో దిగువ.

ఎగువ, దిగువ అంటే తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కృష్ణ నీళ్ల కోసం మనం తరాలుగా పోట్లాడుతున్నాం. 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు, 1973లో తీర్పు వచ్చింది. 2,060 టీఎంసీల్లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. ఆ అంకెలు ఇప్పటికీ మన రాజకీయాల్లో రోజూ వినిపిస్తాయి. నీటి పరిమాణం మీద ఇంత పట్టింపు ఉన్న మనం, ఆ నీటితో పాటు ఎగువ నుంచి ఏం దిగుతోందన్నది ఎన్నడూ పంపకాల బల్ల మీద పెట్టలేదు. నీళ్లు తక్కువ వదిలితే దిగువ రాష్ట్రం కోర్టుకు పోతుంది. నీళ్లతో పాటు చెత్త వదిలితే అలా పోవడం అరుదు. దేశాల మధ్య కూడా సరిగ్గా ఇదే పరిస్థితి.

సముద్రం విషయంలో దేశాలు అసలు కలిసి పనిచేయలేవన్నది మాత్రం నిజం కాదు. ప్రగతినగర్ కేంద్రమే అందుకు రుజువు. 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా మూడూ కలిసి హిందూ మహాసముద్ర తీర దేశాలకు సునామీ సమాచారం అందిస్తున్నాయి. ఆర్గో అనే ఏర్పాటు ఇంకా ముచ్చటైనది. వివిధ దేశాలు సముద్రాల్లో వదిలిన సుమారు 4,000 తేలే పరికరాలు 2,000 మీటర్ల లోతుకు దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి, ఉపగ్రహం ద్వారా పంపుతాయి. పరికరం ఎవరిదైనా సమాచారం అందరిదీ. ఎవరికైనా ఉచితం. ఆ సమాచారానికి మన దేశపు కేంద్రం ఇన్‌కాయిసే. ఓడల విషయానికి వస్తే, సముద్రంలో ప్లాస్టిక్ పారేయడాన్ని పూర్తిగా నిషేధించిన మార్పోల్ ఒప్పందపు అయిదో అనుబంధం 1988 డిసెంబరు 31 నుంచే అమల్లో ఉంది. ఈ మూడింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. ఏం కొలవాలో అందరూ ఒప్పుకున్నారు, ఎవరు ఏం చేయాలో రాసుకున్నారు. సునామీ అల ఎవరి ఫ్యాక్టరీ నుంచీ బయల్దేరదు కాబట్టి ఆ ఒప్పుకోలు సులభమైందన్నది కూడా ఒప్పుకోవాలి.

ప్లాస్టిక్ మీద ఈ సహకారం మొదట ప్రమాదాల వేళ పుట్టుకొస్తోంది. 2021 మే 20న కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడకు నిప్పంటుకుంది. 1,486 కంటైనర్లున్న ఆ ఓడలో నత్రికామ్లంతో పాటు సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలున్నాయి. వ్యాపారుల మాటలో దానా. బకెట్టయినా, సీసా మూతయినా తయారుకావడానికి ముందు ఈ దానా రూపంలోనే ఉంటుంది. శ్రీలంక పడమటి తీరం చాలా మేర గుళికలతో తెల్లబడింది, కొన్నిచోట్ల కాలిన గుళికలతో నల్లబడింది. జాలర్లకు వేట ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు వంద కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. అంతకు రెండు నెలల ముందే, 2025 మే 25న, ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో కొచ్చి దగ్గర మునిగింది. కొద్ది రోజుల్లోనే తిరువనంతపురం బీచులకు అలాంటి గుళికలే కొట్టుకొచ్చాయి.

ఇలాంటి వేళ మునిగిన ఓడ నుంచి చమురు ఎటు పోతుంది, కంటైనర్లు ఎటు కొట్టుకుపోతాయి అని లెక్క కట్టడం ఇన్‌కాయిస్ పని. ఎల్సా విషయంలోనూ కట్టింది. ఆ లెక్క వెనకున్న భౌతికశాస్త్రం కష్టమైనది కాదు. తేలే వస్తువును మూడు తోస్తాయి. మొదటిది ప్రవాహం. రెండోది గాలి, అది వస్తువు నీటిపైన ఎంత కనిపిస్తే అంత గట్టిగా తోస్తుంది. మూడోది అల. అల దాటినప్పుడు వస్తువు గుండ్రంగా తిరిగి మొదటి చోటికే వచ్చినట్టుంటుంది గానీ ప్రతిసారీ కొద్దిగా ముందుకు జరుగుతుంది. ఈ మూడింటిలో ఏదీ మనకు కచ్చితంగా తెలియదు. అందుకని కంప్యూటరులో ఒక్క వస్తువును కాకుండా వందల నకలు వస్తువులను కొద్దికొద్ది తేడాలతో వదులుతారు. ఎక్కువ నకళ్లు ఎటు చేరితే అటు వెతకమంటారు. దారి తప్పిన పడవల కోసం ఇన్‌కాయిస్ 2016లో తెచ్చిన సారట్ అనే పరికరం ఈ పద్ధతిలోనే పనిచేస్తుంది. ఆ లెక్కను వెనక్కి నడిపితే, ఒడ్డుకు చేరిన చెత్త ఎక్కడి నుంచి బయల్దేరి ఉండవచ్చో కూడా అంచనా వేయవచ్చు. ఇది నన్ను చాలా ఉత్సాహపరిచే సంగతి. చెత్త ఎవరిదన్న వాదనలో కోపతాపాల బదులు గణితం మాట్లాడే వీలు దీనివల్ల వస్తుంది.

ప్రమాదాల నుంచి నియమాలూ కొన్ని పుట్టాయి. కంటైనర్లలో ప్లాస్టిక్ గుళికలను ఎలా కట్టాలో, ఓడలో ఎక్కడ పేర్చాలో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2024లో సూచనలు చేసింది. అవి సూచనలే, తప్పనిసరి కాదు. సముద్రంలో పడిపోయిన కంటైనర్ల వివరం వెంటనే చెప్పడం మాత్రం 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. నార్వే డబ్బుతో మొదలైన గ్లోలిటర్ కార్యక్రమంలో ఓడల, చేపల పడవల చెత్త తగ్గించడానికి ముందు నడిచేందుకు ఎంపికైన పది దేశాల్లో భారత్ ఒకటి.

అయితే సముద్రంలోని ప్లాస్టిక్‌లో చాలా భాగం ఓడల నుంచి రాలేదు, భూమి మీది నుంచి వచ్చింది. అక్కడే ప్రపంచం ఇరుక్కుపోయింది. 2022 మార్చి 2న నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ ప్లాస్టిక్ మీద దేశాలు చట్టపరంగా కట్టుబడాల్సిన ఒప్పందం చేసుకోవాలని తీర్మానించింది. 2024 చివరికల్లా పూర్తి చేయాలన్నది లక్ష్యం. ఉరుగ్వే, పారిస్, నైరోబీ, ఒట్టావా, బుసాన్‌లలో ఒకదాని తర్వాత ఒకటి సమావేశాలయ్యాయి. 2025 ఆగస్టులో జెనీవాలో పది రోజులు కూర్చుని కూడా ఒప్పందం లేకుండానే లేచారు. గొడవ మళ్లీ ఎగువ, దిగువల దగ్గరే. నార్వే, రువాండా ముందుండి నడిపే కూటమి, దానితో పాటు వంద వరకు దేశాలు ప్లాస్టిక్ తయారీకే పరిమితి ఉండాలంటున్నాయి. 2019లో ప్రపంచం తయారుచేసింది 46 కోట్ల టన్నులు, మళ్లీ వాడకానికి మారుతున్నది వ్యర్థంలో 9 శాతమే. కాబట్టి ఎగువన తగ్గించకుండా దిగువన ఎంత ఏరినా చాలదన్నది వాళ్ల వాదన. సౌదీ అరేబియా, కువైట్, రష్యా, ఇరాన్ లాంటి చమురు దేశాలు ఒప్పందం చెత్త నిర్వహణకే పరిమితం కావాలంటాయి. ప్లాస్టిక్ దాదాపు మొత్తం చమురు, సహజవాయువుల నుంచే వస్తుంది కాబట్టి ఎందుకో చెప్పనక్కర్లేదు.

మన దేశం తయారీ పరిమితిని వ్యతిరేకించే వైపు నిలబడింది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. ఒక భారతీయుడు ఏడాదికి వాడే ప్లాస్టిక్ ఒక అమెరికన్ వాడేదానిలో చిన్న వంతు. పేద దేశాలకు చెత్త బండ్లు, శుద్ధి కేంద్రాలు పెట్టుకోవడానికి డబ్బు ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్న. ఇదే భారత్ 2019లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద పర్యావరణ సభలో తీర్మానం తెచ్చింది, 2022 జులై 1 నుంచి స్ట్రాలు, థర్మోకోల్ ప్లేట్ల లాంటి కొన్ని వస్తువులను నిషేధించింది. కానీ 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఏటా ఎవరి అదుపులోనూ లేకుండా పర్యావరణంలో చేరే ప్లాస్టిక్ 5.2 కోట్ల టన్నులైతే, అందులో 93 లక్షల టన్నులు మన దేశానివే. అన్ని దేశాల్లోకీ అదే ఎక్కువ. తలసరి లెక్క మనల్ని కాపాడుతుంది, మొత్తం లెక్క కాపాడదు. ఒప్పందం లేకుండా పోతే ఎక్కువ నష్టపోయేది కూడా మన జాలరే. అందుకే తయారీ గురించి మాటే వద్దనడం మనకు మేలు చేసే వైఖరి కాదని నా అభిప్రాయం. పరిమితులకు గడువు అడగవచ్చు, మినహాయింపులు అడగవచ్చు, డబ్బు గట్టిగా అడగవచ్చు. ఎగువ తలుపు మూసేసి దిగువన మాత్రమే పనిచేస్తామంటే ఏమవుతుందో విశాఖలో చూశాం. 2022 ఆగస్టు 26న పార్లే ఫర్ ద ఓషన్స్ అనే అంతర్జాతీయ సంస్థతో ఒప్పందం సందర్భంగా 20 వేల మందికి పైగా జనం తీరమంతా బారులు తీరి చెత్త ఏరారు. ఒక్క ఉదయం పోగైంది 76 టన్నులని అధికారులు చెప్పారు. ఆ చేతులన్నిటికీ దండం పెట్టాల్సిందే. కానీ కప్పు కారుతున్న ఇంట్లో గిన్నెలు పెట్టడం ఒక పని, కప్పు నేయించడం ఇంకో పని. ఆ రోజే ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధాన్ని కూడా ప్రకటించారు. నా దృష్టిలో 76 టన్నుల కన్నా ఎక్కువ కబురు ఆ ప్రకటనలోనే ఉంది, ఎందుకంటే అది ఎగువ పని.

హైదరాబాద్‌లోనూ ఎగువ పని ఆనవాళ్లు ఉన్నాయి. అమెరికాలో చదువుకుని వచ్చిన మణి వాజిపేయి, రాజ్ మదన్‌గోపాల్ 2013లో ఇక్కడ మొదలుపెట్టిన బన్యన్ నేషన్, పాత సామాన్ల కొట్లను తన సరఫరా గొలుసులో కలుపుకుని వాడిన ప్లాస్టిక్‌ను శుద్ధి చేసి మళ్లీ దానాగా మారుస్తుంది. ఆ దానా మళ్లీ షాంపూ సీసా కావచ్చు. రంగు, జిడ్డు, సిరా పోగొట్టి కొత్తదానికి దగ్గరి నాణ్యత తేవడంలోనే నేర్పంతా ఉంది. తమ ప్యాకింగును తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదేనన్న 2022 నిబంధనలు ఇలాంటి పనికి గిరాకీ తెస్తాయి. కానీ సీసాకు జరిగినది కర్రీ పాయింటు కవరుకు జరగదు. దానికి యంత్రం చాలదు. ఆ కవరు అవసరమే తగ్గాలి, లేదా ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్ డబ్బాలో పోయించుకునే అలవాటు మళ్లీ రావాలి. వేలమందికి ఒకే చోట భోజనం పెట్టే ఐటీ క్యాంపస్ క్యాంటీన్లకు స్టీలు పళ్లెం పెద్ద సమస్య కాకూడదు. అక్కడ ఒక్క నిర్ణయం వేల కవర్లతో సమానం.

ఇక మిగిలింది కొలత. కేంద్ర జల సంఘం దామరచర్ల దగ్గర మూసీ ప్రవాహాన్ని కొలుస్తుంది. దానితో పాటు ఎంత ప్లాస్టిక్ పోతోందో కూడా అక్కడే లెక్కించవచ్చు. పద్ధతికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. వంతెన మీద నిలబడి, కింద నిర్ణీత వెడల్పులో, నిర్ణీత సమయం పాటు తేలిపోయే వస్తువులను రకాలవారీగా రాసుకోవాలి. రైన్ నది మీదా, వియత్నాంలో సైగాన్ నది మీదా శాస్త్రవేత్తలు ఇలాగే చేశారు. జపాన్ నిధులతో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం గంగ, మెకాంగ్ నదుల వెంట ప్లాస్టిక్ ఎక్కడెక్కడ నీటిలో పడుతోందో గుర్తించింది. మన దగ్గర నాగోలు వంతెన ఉంది, వలిగొండ ఉంది, దామరచర్ల ఉంది, కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఉంది, పులిగడ్డ వంతెన ఉంది. కాలేజీ పిల్లలు, జాలర్లు, ఇంజినీర్లు కలిసి చేయగల పని ఇది. ఒకే తీరు పట్టికలో రాసి, ఆర్గో సమాచారంలాగే ఎవరైనా చూసేలా పెడితే, ఇన్‌కాయిస్ ప్రవాహాల నమూనాలు ఆ అంకెలను నది ముఖం నుంచి బంగాళాఖాతంలోకి నడిపించగలవు.

మొదలుపెట్టడానికి తొలకరి మంచి సమయం. ఏడాది దుమ్మంతా కాలువల్లోంచి ఒకేసారి దిగేది అప్పుడే, వేటనిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి వెళ్లేదీ అప్పుడే. ఒక వర్షాకాలపు లెక్కలు చేతిలో ఉంటే, ఒప్పందం కోసం తర్వాత జరిగే సమావేశంలో మన ప్రతినిధులు ఒక నది పేరుతో, వంతెనల పేర్లతో, నెలవారీ సంఖ్యలతో డబ్బు అడగవచ్చు. దిగువనున్న శ్రీలంక అవే సంఖ్యలు ముందు పెట్టుకుని మనల్ని అడగవచ్చు.